హాల్లో టీవీ, గదిలో ఇంటర్నెట్: ఒకే కేబుల్ లైనును పంచే లెక్క

హైదరాబాదు నల్లకుంటలో మా పెద్దమ్మ ఉండేది మూడో అంతస్తు ఫ్లాటు. 2019 ఏప్రిల్‌లో ఒకరోజు ఫోను చేసింది. "నాన్నా, హాల్లో టీవీ బాగానే వస్తోంది, పడకగదిలోనూ వస్తోంది. ఇంటర్నెట్ మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాటితే పోతోంది, చీకటి పడ్డాక తిరిగి వస్తోంది. కేబుల్ వాళ్లు మూడుసార్లు వచ్చి చూసి వెళ్లారు. టీవీ వస్తోంది కదమ్మా, లైనులో లోపమేమీ లేదు అంటున్నారు."

ఆ అబ్బాయిలు అబద్ధం చెప్పలేదు. టీవీ వస్తున్న మాట నిజమే. కానీ టీవీ వచ్చినంత మాత్రాన లైను బాగున్నట్టు కాదు. ఒకే తీగ మీద టీవీ, ఇంటర్నెట్ రెండూ నడుస్తున్నప్పుడు ఆ తీగ నుంచి అవి కోరుకునేది ఒకటి కాదు. ఈ తేడా తెలియకనే ఎన్నో ఇళ్లలో మోడెములు మారుస్తున్నారు, ప్యాకేజీలు పెంచుకుంటున్నారు, విసిగిపోయి కంపెనీనే మార్చేస్తున్నారు. అసలు లోపం చాలాసార్లు అటక మీద దుమ్ములో, అగ్గిపెట్టెంత లోహపు డబ్బాలో ఉంటుంది. ఒక తీగను రెండు మూడు దారులుగా పంచే ఆ డబ్బా పేరు స్ప్లిటర్.

ముందు తీగ ఏదో తేల్చుకోవాలి

హైదరాబాదులో "కేబుల్" అన్న ఒక్క మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది పాత నల్ల వైరు, అంటే కోయాక్సియల్ కేబుల్. చిటికెన వేలికన్నా కొంచెం సన్నగా ఉంటుంది, చివర మర తిప్పి బిగించే కనెక్టర్ ఉంటుంది. రెండోది ఫైబర్. చూడటానికి బలపం కన్నా సన్నని తీగ, లోపల గాజు పోగు. మూడోది లాన్ కేబుల్. ఫోను ప్లగ్గుకు అన్నలా కనిపించే పారదర్శకమైన ప్లాస్టిక్ పిన్ను దాని గుర్తు. మేడ మీదో మెట్ల దగ్గరో ఉన్న పెట్టెలోంచి నేరుగా గదిలోకి దిగుతుంది.

ఈ మూడింటినీ పంచే పద్ధతులు మూడు. ఒకదానికి పనికొచ్చే సలహా మరొకదానికి హాని చేస్తుంది. కాబట్టి ఎవరైనా "స్ప్లిటర్ వేయించుకోండి" అని చెబితే, ఏ తీగకు అని అడగండి. ఇప్పుడు నగరంలో చాలా చోట్ల ఫైబర్ ఇంటి లోపలి దాకా వచ్చేసింది. అయినా ఆ ఫైబర్ డబ్బా నుంచి టీవీ దాకా వెళ్లేది చాలా ఇళ్లలో ఇప్పటికీ నల్ల వైరే. అందువల్ల నల్ల వైరు సంగతి చాలామందికి అవసరమే.

సగం, సగంలో సగం

నల్ల వైరును చాకుతో చీల్చి చూస్తే పని తీరు సగం అర్థమవుతుంది. పైన నల్లని తొడుగు, దాని కింద వెండి రంగు సన్న పోగుల అల్లిక, దానికింద అల్యూమినియం రేకు, ఆ లోపల తెల్లని నురుగు ప్లాస్టిక్, నట్టనడుమ ఒకే ఒక్క గట్టి తీగ. సిగ్నల్ నడిచేది నడిమి తీగకూ, అల్లికకూ మధ్య ఉన్న ఆ తెల్లని చోటులో. రెండింటి మధ్య దూరం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటేనే తీగ 75 ఓమ్‌ల స్వభావాన్ని, అంటే సిగ్నల్‌కు అది చూపే ఒకే రకమైన అడ్డును, నిలబెట్టుకుంటుంది. కరెంటు వైర్లను కలిపినట్టు రెండు కేబుళ్లను ఒలిచి, మెలిపెట్టి, టేపు చుడితే ఆ స్వభావం అక్కడ తెగిపోతుంది. అక్కడికి వచ్చిన సిగ్నల్‌లో కొంత ముందుకు పోకుండా గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరుగుతుంది. స్ప్లిటర్ అనే వస్తువు పుట్టిందే ఈ చిక్కు తప్పించడానికి. లోపల చిన్న ఫెర్రైట్ ముక్క మీద చుట్టిన తీగ చుట్లు ఉంటాయి. అవి ప్రతి దారినీ 75 ఓమ్‌లుగానే నిలిపి, సిగ్నల్‌ను పంచుతాయి.

పంచుతాయి అంటే పంచుతాయి, పెంచవు. రెండు దారులుగా చీలిస్తే ఒక్కో దారికి సగం శక్తి వెళ్తుంది. సాంకేతిక భాషలో సగం అంటే 3 డెసిబెళ్ల తరుగు. డబ్బా లోపల పోయే కాస్తను కలుపుకొని 3.5 అని దాని మీదే ముద్రిస్తారు. నాలుగు దారుల స్ప్లిటర్‌లో ఒక్కో దారికి 7 డెసిబెళ్లు పోతాయి. డెసిబెళ్లను కూడుతూ పోవాలి, శక్తి మాత్రం భాగిస్తూ పోతుంది. 10 డెసిబెళ్లు పోతే మిగిలేది పదో వంతు.

తీగ కూడా తన వంతు తింటుంది. ఇళ్లలో వాడే ఆర్‌జీ-6 కేబుల్ 100 మీటర్ల పొడవుకు, 860 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెళ్లు తినేస్తుంది. అదే కేబుల్ 30 మెగాహెర్ట్జ్ దగ్గర నాలుగైదు డెసిబెళ్లతో సరిపెట్టుకుంటుంది. 860 లాంటి ఎగువ ఫ్రీక్వెన్సీలు తీగలో త్వరగా అలిసిపోతాయి, 30 లాంటి దిగువవి దూరం వెళ్తాయి. స్ప్లిటర్ మాత్రం ఎగువ దిగువల తేడా చూడదు, అన్నిటి దగ్గరా దాదాపు ఒకే పన్ను వసూలు చేస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో కాసేపట్లో పని ఉంది.

ఇక్కడ చాలామందికి ఉన్న భయం ఒకటి తీర్చాలి. సిగ్నల్ సగమైతే ఇంటర్నెట్ వేగం సగమవుతుందా? కాదు. పెద్ద సభలో మైకు దగ్గర ఒకాయన మాట్లాడుతున్నాడనుకోండి. ముందు వరుసలో కూర్చున్నవారికి గట్టిగా, వెనక వరుసలో ఉన్నవారికి మెల్లగా వినిపిస్తుంది. కానీ ఇద్దరికీ నిమిషానికి అన్నే మాటలు అందుతాయి. మాట స్పష్టంగా అందుతున్నంతసేపు గొంతు తగ్గినా నష్టం లేదు. ఎప్పుడైతే పక్కవాళ్ల గుసగుసల్లో మాట కలిసిపోతుందో, అప్పుడు "ఏమన్నారు, మళ్లీ చెప్పండి" అనడం మొదలవుతుంది. చెప్పినదే మళ్లీ చెప్పించుకుంటూ పోతే వేగం పడిపోతుంది, ఇంకా తగ్గితే తెగిపోతుంది. మోడెముకు కావలసినది పెద్ద గొంతు కాదు, చుట్టూ ఉన్న రొదకన్నా తగినంత ఎత్తున ఉన్న గొంతు.

టీవీ చూస్తుంటే నెట్ నెమ్మదిస్తుందా అన్నది ఇంకో అనుమానం. నల్ల వైరులో అదీ లేదు. తీగ ఒకటే అయినా లోపల వరుసలు వేరు. టీవీ ఛానళ్లు 8 మెగాహెర్ట్జ్ చొప్పున వాటాలు వేసుకుని కూర్చుంటాయి. ఒక్కో వాటాలో సెకనుకు సుమారు 38 మెగాబిట్ల సమాచారం పడుతుంది, అందులో ఎన్నో ఛానళ్లను సర్దుతారు. ఇంటర్నెట్‌కు వేరే వాటాలు ఇస్తారు. హాల్లో సీరియల్ నడిచినా నడవకపోయినా మోడెము వాటా మోడెముదే.

వినేది ఒకటి, బదులు చెప్పేది ఒకటి

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. కేబుల్ టీవీ వింటుంది, అంతే. వీధి చివరి నుంచి వచ్చేదంతా సెట్‌టాప్ బాక్సు అందుకుంటుంది, తిరిగి ఏమీ చెప్పదు. మోడెము అలా కాదు. మీరు ఒక పేజీ అడిగినా, ఒక వీడియో చూసినా, ప్రతి కొద్ది క్షణాలకూ అది వెనక్కి కబురు పంపాలి. ఇది కావాలి, ఇది అందింది, ఇది అందలేదు అని చెబుతూనే ఉండాలి. ఈ వెనక దారి కోసం కేబుల్‌లో అట్టడుగు ఫ్రీక్వెన్సీలు కేటాయించారు. ఉత్తర అమెరికా పద్ధతిలో 5 నుంచి 42 మెగాహెర్ట్జ్, ఐరోపా పద్ధతిలో 5 నుంచి 65. కేబుల్ మోడెములన్నీ నడిచే డాక్సిస్ ప్రమాణం 1997లో వచ్చినప్పటి నుంచీ వెనక దారి చోటు ఈ అడుగునే, తర్వాతి రూపాల్లో పై హద్దు మాత్రం పెరిగింది.

స్ప్లిటర్ రెండు వైపులా పన్ను వేస్తుంది. వచ్చే సిగ్నల్ మీద 3.5 పోయినట్టే, మోడెము పంపే సిగ్నల్ మీదా 3.5 పోతుంది. అడుగు ఫ్రీక్వెన్సీలకు తీగలో తరుగు తక్కువని పైన చెప్పాను. అందుకే వెనక దారిలో ఇంటి లోపల పోయేదంతా దాదాపు స్ప్లిటర్ల పుణ్యమే. పోయిన మేరకు మోడెము గొంతు పెంచుతుంది. వీధిలోని పరికరానికి తన మాట ఒకే స్థాయిలో వినిపించాలని దానికి ఆజ్ఞ ఉంటుంది. కానీ ఏ గొంతుకైనా ఒక హద్దుంటుంది కదా. ఆ హద్దు దగ్గర మోడెము అరుస్తూనే ఉంటుంది, అవతల వినబడదు. వచ్చే సిగ్నల్ నిక్షేపంగా ఉన్నా ఇంటర్నెట్ పోతుంది. పక్కనే టీవీ హాయిగా నడుస్తూ ఉంటుంది.

పెద్దమ్మ ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే. బాల్కనీలోంచి వచ్చిన వైరు అటక మీద మొదటి స్ప్లిటర్‌లోకి వెళ్లింది. అక్కడ ఒక పాయ పడకగది టీవీకి, రెండోది హాలుకు. హాల్లో టీవీ వెనక రెండో స్ప్లిటర్. దాని నుంచి ఒక పాయ వసారాలోకి వెళ్లింది. అక్కడ మూడో స్ప్లిటర్. ఒకప్పుడు తాతగారి గదిలో టీవీ ఉండేది, ఇప్పుడు లేదు, ఆ రంధ్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. దాని రెండో రంధ్రం నుంచి వెళ్లిన తీగ చివరన మోడెము. అందరూ తిన్నాక మిగిలింది దానికి దక్కుతోంది.

లాప్‌టాప్‌లో 192.168.100.1 అని కొడితే కేబుల్ మోడెము తన లెక్కలు తనే చూపిస్తుంది. చాలా మోడెములకు ఇదే చిరునామా. అక్కడ డెసిబెళ్ల లెక్కలో వచ్చే సిగ్నల్ మైనస్ 12.5, పంపే సిగ్నల్ 53. వచ్చేది మైనస్ 15 నుంచి ప్లస్ 15 లోపల ఉండాలని ప్రమాణం. మైనస్ 7, ప్లస్ 7 మధ్య ఉంటే నిశ్చింత. పంపేది 50 దాటిందంటే మోడెము ఊపిరి బిగబట్టి అరుస్తోందని అర్థం. మధ్యాహ్నం ఎండకు వీధిలోని కేబుల్ వేడెక్కితే తరుగు ఇంకాస్త పెరుగుతుంది. ఉదయం అంచున నిలబడ్డ లైను పన్నెండింటికి అంచు దాటుతోంది. రాత్రి తీగలు చల్లబడ్డాక వెనక్కి అడుగేస్తోంది. పెద్దమ్మ చెప్పిన వేళలకూ ఎండకూ ముడి అక్కడుంది.

ఒక్క మాట జోడించాలి. కేబుల్ సిబ్బంది చేతిలోని మీటరు అంకె వేరు, మోడెము చూపే అంకె వేరు. మీటరు మైక్రోవోల్టు ప్రమాణంలో చెబుతుంది, మోడెము మిల్లీవోల్టు ప్రమాణంలో. రెండింటికీ తేడా 60. మీటరులో 64 అంటే మోడెములో 4. ఆ రోజు బాల్కనీ దగ్గర మీటరు చూపింది 64. అంటే కంపెనీ ఇంటి గుమ్మం దాకా మంచి సిగ్నలే ఇస్తోంది. మూడు స్ప్లిటర్లు 10.5, ముప్పై మీటర్ల పాత తీగ ఒక 6, వెరసి 16.5 ఇంటి లోపలే కరిగిపోయింది. మనకు మనం చేసుకున్న అన్యాయమిది.

వరస మార్చితే చాలు

పరిష్కారం ఎంత సులువో తెలిస్తే, ఇన్నాళ్లు పడ్డ తిప్పలు తలుచుకుని బాధ కలుగుతుంది. మోడెముకు మొదటి వాటా ఇవ్వాలి. తీగ ఇంట్లోకి అడుగుపెట్టిన చోటే ఒక్క మంచి స్ప్లిటర్ పెట్టి, ఒక పాయను ఇంకెక్కడా ఆగకుండా నేరుగా మోడెముకు తీసుకెళ్లాలి. రెండో పాయను టీవీలు తమలో తాము పంచుకోవాలి. సెట్‌టాప్ బాక్సు మీటరు లెక్కలో 50కి కాస్త అటూ ఇటూ అందినా శుభ్రంగా బొమ్మ చూపిస్తుంది. తక్కువతో సర్దుకోగలిగిన దానికి మిగిలింది ఇవ్వడం, బదులు చెప్పాల్సిన దానికి ముందు పెట్టడం న్యాయం.

మూడు దారుల స్ప్లిటర్ కొనేటప్పుడు దాని మీది అంకెలు చదవండి. చాలావాటిలో ఒక రంధ్రం దగ్గర 3.5 అనీ, మిగతా రెండింటి దగ్గర 7 అనీ ఉంటుంది. ఆ 3.5 రంధ్రం మోడెముది. మేము కోఠిలోని గుజరాతీ గల్లీలో అలాంటిదే కొన్నాం. ఆ సందులో కౌంటరు మీద రెండు రకాలు పక్కపక్కనే ఉన్నాయి, బయటికి కవలల్లా కనిపిస్తాయి. ఒకదాని మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉంది, రెండోదాని మీద 47–862 అని. రెండోది టీవీ కోసం చేసినది. వెనక దారి నడిచే 5 నుంచి 42 దాని లెక్కలోనే లేదు. ఇంటర్నెట్ లైనులో అది పెట్టకూడదు. ధరలో తేడా స్వల్పం, ఫలితంలో తేడా ఎంతో.

బాల్కనీ నుంచి మోడెము దాకా కొత్త ఆర్‌జీ-6 తీగ లాగాం, పన్నెండు మీటర్లు. మోడెము అంకెలు మైనస్ 2కూ, 46కూ వచ్చాయి. హాల్లో టీవీకి గానీ పడకగది టీవీకి గానీ తేడా తెలియలేదు.

పాత తీగ తీస్తున్నప్పుడు చూసినది ఒకటి చెప్పాలి. హాల్లో టీవీ వెనక కనెక్టర్ మరను రెండు వేళ్లతో తాకితేనే గిర్రున తిరిగి ఊడింది. లోపల అల్లికలోని ఒక్క పోగు, తల వెంట్రుకంత సన్నది, వంగి వచ్చి నడిమి తీగను తాకీ తాకకుండా నిలబడి ఉంది. తలుపు గట్టిగా వేసినప్పుడల్లా అది తగిలేది, విడిపోయేది. అప్పుడప్పుడూ ఒక్క క్షణం టీవీ గళ్లు గళ్లుగా విరిగిపోయి మళ్లీ అతుక్కునేది అందుకే. కనెక్టర్ వేసేటప్పుడు అల్లికను పూర్తిగా వెనక్కి మడిచి, ఒక్క పోగు కూడా మిగలకుండా చూసి, చేత్తో తిరగనంతగా బిగించాలి. ఇంతే పని. ఇది చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది, చేయకపోతే రెండేళ్లు బాధపడాలి.

ఖాళీగా ఉన్న రంధ్రాన్నీ అలా వదలకూడదు. 75 ఓమ్‌ల టర్మినేటర్ అనే చిన్న మూత దొరుకుతుంది, దాన్ని బిగించాలి. మూత లేకపోతే ఆ రంధ్రం దగ్గరికి వెళ్లిన సిగ్నల్ వెనక్కి తిరిగి మిగతా పాయల్లో కలుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. వదులు కనెక్టర్, తెరిచిన రంధ్రం, ఒలిచిన తీగ ఇవన్నీ యాంటెన్నాల్లా పనిచేస్తాయి. ఇంట్లో మిక్సీ మోటారు, డ్రిల్లు మిషను, నాసిరకం చార్జర్లు చేసే విద్యుత్ రొద ఎక్కువగా ఉండేది ఆ అట్టడుగు ఫ్రీక్వెన్సీల్లోనే. అది తీగలో దూరి వెనక దారి పట్టుకుని వీధిలోకి వెళ్తుంది. ముందు దారిలో ఒక మూలం నుంచి వంద ఇళ్లకు పంపకం. వెనక దారిలో వంద ఇళ్ల నుంచి ఒక చోటికి పోగు. ఇంటింటి రొదా గరాటులోకి పోసినట్టు అక్కడ కలుస్తుంది. ఒక ఇంటి అటక మీది వదులు కనెక్టర్ వల్ల వీధి చివర ఇంకొకరి ఇంటర్నెట్ దెబ్బతింటుంది. అది ఎవరి ఇంట్లో ఉందో కనిపెట్టడం కేబుల్ సిబ్బందికి నరకయాతన. మన ఇంటి తీగ బాగు చేసుకోవడం పొరుగువాళ్ల మేలు కూడా.

సిగ్నల్ తక్కువగా ఉందంటే బూస్టర్ పెట్టమనే సలహా వెంటనే వస్తుంది. నా సలహా వద్దనే. బూస్టర్ సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది, తన రొద కొంత కలుపుతుంది. పైగా మామూలు టీవీ బూస్టర్ ఒకే వైపు నడుస్తుంది. మోడెము చెప్పే బదులుకు అందులో దారే ఉండదు. ఇంటర్నెట్ లైనులో దాన్ని పెట్టిన క్షణంలో మోడెము మూగబోతుంది. నిజంగా బాల్కనీ దగ్గరే సిగ్నల్ తక్కువగా ఉంటే, అది కంపెనీ సరిచేయాల్సిన పని. పట్టుబట్టి అడగండి, మీటరు పెట్టి చూపించమనండి.

ఇన్ని ఇళ్లలో స్ప్లిటర్ల గొలుసులు ఎందుకున్నాయంటే, అవి అనలాగ్ కాలం నాటి అలవాటు. అప్పట్లో తీగను ఎన్ని పాయలు చేస్తే బొమ్మ మీద అన్ని చీమలు పాకేవి, అంతే. బొమ్మ మసకబారినా కథ అర్థమయ్యేది. ఒక కనెక్షనుకు డబ్బు కట్టి మూడు గదుల్లో చూసేవాళ్లం. కేబుల్ టీవీ డిజిటల్‌కు మారే రెండో విడతలో హైదరాబాదు ఉంది, 2013 మార్చి 31 గడువుగా పెట్టారు. డిజిటల్‌లో చీమలు లేవు. ఒక హద్దు దాకా అద్దంలా ఉంటుంది, దాటితే గళ్లు, ఆ పైన నల్ల తెర. ప్రతి టీవీకి వేరే సెట్‌టాప్ బాక్సు, దానికి వేరే చందా కావాలి. తీగను పంచినంత మాత్రాన ఛానళ్లు రెండో టీవీలో రావు. కాలం మారింది కానీ అటక మీది డబ్బాలు మారలేదు. వాటి చివర తెచ్చి మోడెమును తగిలించారు.

గాజు పోగు వచ్చాక

ఫైబర్‌లో పంపకం కథ పూర్తిగా వేరు, నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. లోపలి గాజు పోగు మందం 125 మైక్రాన్లు, వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లు. అంత సన్న దారిలో మూడు రంగుల వెలుగులు ఒకదాన్నొకటి తాకకుండా నడుస్తాయి. మన కంటికి కనిపించని రంగులనుకోండి. ఇంటికి వచ్చే ఇంటర్నెట్ 1490 నానోమీటర్ల వెలుగు మీద, ఇంటి నుంచి వెళ్లేది 1310 మీద, టీవీ 1550 మీద. ఇంట్లోకి వచ్చిన ఫైబర్ చేరే, గోడకు తగిలించిన ఓఎన్‌యూ డబ్బా ఈ మూడింటినీ విడదీస్తుంది. 1550 వెలుగును మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చి, నల్ల వైరు కనెక్టర్ గుండా బయటికి ఇస్తుంది. ఆ కనెక్టర్ ఉన్న ఓఎన్‌యూ అయితేనే ఈ కేబుల్ టీవీ వస్తుంది, అన్నిటికీ ఉండదు. కొత్త కనెక్షను తీసుకునేటప్పుడే అడగాలి.

అంటే ఇంటర్నెట్‌నూ టీవీనీ వేరు చేసే పని ఆ డబ్బాలోనే అయిపోతుంది. ఆ తర్వాతి నల్ల వైరులో టీవీ మాత్రమే ఉంది, వెనక దారి లేదు. అక్కడ 47–862 స్ప్లిటర్ అయినా ఇబ్బంది లేదు, రెండు టీవీలకు నిశ్చింతగా పంచుకోవచ్చు. ఇంటర్నెట్ మీద ఆ పంపకం ప్రభావం ఏమాత్రం ఉండదు. ఫైబర్‌ను మాత్రం ఇంట్లో రెండుగా చీల్చాలనే ఆలోచన పెట్టుకోకండి. గాజు పోగులను చీల్చే స్ప్లిటర్లు వీధిలో కంపెనీ పెట్టెలో ఉంటాయి. రెండో ఓఎన్‌యూ తెచ్చి తగిలించినా, దాని నంబరును కంపెనీ తన దగ్గర నమోదు చేస్తే తప్ప అది పలకదు. రెండో గదికి ఇంటర్నెట్ కావాలంటే రౌటర్ నుంచి లాన్ తీగ లాగడమే మేలు.

లాన్ తీగ మాట వచ్చింది కనుక చిన్న హెచ్చరిక. ఒక పిన్నును రెండు చేసే చిన్న జోడింపు ముక్కలు బజారులో దొరుకుతాయి. వాటితో ఒక లైనును రెండు కంప్యూటర్లకు పంచలేం. ఆ తీగలో నాలుగు జతలుంటాయి. 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు కాబట్టి, రెండు చివర్లా ఆ ముక్కలు పెట్టి రెండు వేర్వేరు లైన్లను ఒకే తీగలో నడపడానికి అవి పనికొస్తాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. ఒక లైనును పంచాలంటే నెట్‌వర్క్ స్విచ్ అనే పరికరం కొనాలి. ఇక డిష్ యాంటెన్నా వైరును వీటన్నిటితో కలపనే వద్దు. అందులో సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. బాక్సు నుంచి పైకి 13 లేదా 18 వోల్టుల కరెంటు కూడా వెళ్తుంది. రెండు బాక్సులను ఒక మామూలు స్ప్లిటర్‌కు తగిలిస్తే ఒకటి 13 అడుగుతుంది, ఇంకొకటి 18 అడుగుతుంది. ఒకరి ఛానల్ మారిస్తే మరొకరి బొమ్మ పోతుంది. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) పెట్టించుకోవడం తేలికైన దారి.

ఇవన్నీ గుమ్మం లోపలి పనులు. గుమ్మం బయట, స్తంభం దగ్గర మనం చేయి పెట్టకూడదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో విద్యుదాఘాతానికి ప్రాణాలు పోయాక, స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తొలగించే పని నగరంలో ఊపందుకుంది. బాల్కనీలో వేలాడే తీగ ఎక్కడ దేనికి తగులుతోందో కింద నుంచి మనకు కనిపించదు. ఆ తీగను లాగడం, మళ్లీ కట్టడం శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయాలి.

పెద్దమ్మ ఇల్లు కూడా తర్వాత ఫైబర్‌కు మారింది. మారిన కొన్ని నెలలకు మళ్లీ ఫోను. "నాన్నా, ఈసారి తిరగబడింది. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా ఉంది, రెండు గదుల్లోనూ టీవీ పోయింది." ఓఎన్‌యూ మీద ఎర్ర లైటు వెలుగుతోందా అని అడిగాను. లేదంది. ఫైబర్ తెగలేదన్నమాట.

నల్ల వైరు మీద సిగ్నల్ తగ్గితే ముందు పోయేది ఇంటర్నెట్. ఫైబర్ మీద తగ్గితే ముందు పోయేది టీవీ. ఓఎన్‌యూలోని ఇంటర్నెట్ భాగం చాలా మసక వెలుగుతో కూడా పని నడుపుకుంటుంది, వెలుగును కొలిచే డీబీఎం లెక్కలో మైనస్ 27 దాకా చదవగలదు. టీవీ భాగానికి అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు కావాలి. ఇంకా ఒకటి ఉంది. గాజు పోగును మరీ చిన్న మలుపుగా వంచితే వెలుగు ఆ మలుపు దగ్గర బయటికి ఒలికిపోతుంది. ఎంత పొడవు తరంగమైతే అంత ఎక్కువ ఒలుకుతుంది. మూడింట్లోనూ పొడవైనది టీవీది, 1550.

సాయంత్రం వెళ్లి చూస్తే, బీరువా జరిపినప్పుడు మిగులు ఫైబర్‌ను చిన్న చుట్టగా చుట్టి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి, గోడకూ బీరువాకూ మధ్య ఇరికించారు. మామూలు ఫైబర్‌కు మలుపు వ్యాసార్ధం 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం. ఇళ్ల కోసం చేసే రకాలు 10 లేదా 7.5 దాకా ఓర్చుకుంటాయి, కానీ ఏ రకమో పైకి చూసి చెప్పలేం. 30 వ్యాసార్ధమంటే ఎంత చుట్టో పెద్దమ్మకు ఎలా చూపించాలా అని చూస్తుంటే ఆవిడ చేతి గాజులు కనిపించాయి. రెండు-ఆరు కొలత గాజు లోపలి వ్యాసం అటూ ఇటుగా 60 మిల్లీమీటర్లే. విషయం చెప్పగానే ఒక గాజు తీసి నా చేతిలో పెట్టింది. పట్టీ కత్తిరించి, చుట్టను వదులు చేసి, గాజు కన్నా పెద్దదిగా మళ్లీ చుట్టి, బీరువా పైన మేకుకు తగిలించాం. తను వెనక్కి వెళ్లి హాల్లో టీవీ పెట్టింది. అక్కడి నుంచే వార్తలు వినిపించాయి.